కారు వెనక చెత్త ట్రైలర్

ఆస్ట్రేలియాలో ఇంటి చెత్త తోలే ట్రైలర్ చాలా సాదా వస్తువు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న ఇనుప రేకు తొట్టి, దాని కింద ఒకే ఇరుసు, రెండు చక్రాలు. ముందు కారుకు తగిలించే కప్లింగ్, వెనక కిందికి పడే తలుపు. అంత సాదాగా ఉండబట్టే దాన్ని కొనేటప్పుడు జనం రంగు చూస్తారు, ధర చూస్తారు, ఎంత పెద్దదో చూస్తారు. బరువు సంగతి అడిగేవాళ్ళు తక్కువ. నిజానికి ఈ ట్రైలర్ విషయంలో కొనడం దగ్గర నుంచి రోడ్డు మీద నడపడం దాకా అన్నిటినీ తేల్చేది బరువే.

ముందు దీని అవసరం ఎక్కడ వస్తుందో చూడాలి. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, ట్రుగనినా, పాయింట్ కుక్ వంటి చోట్ల కొత్త ఇళ్ళలో తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. తెలుగు ఊళ్ళలో పొద్దున్నే చెత్త బండి వస్తుంది. పాత ఇనుము, అట్టలు, సీసాలు కొనుక్కుపోయేవాడు వీధిలోనే తిరుగుతుంటాడు. ఆస్ట్రేలియాలో పాత సోఫా వదిలించుకోవాలంటే మనమే ఎదురు డబ్బు కట్టాలి. మూత ఉన్న బిన్నుల్లో పట్టినంత చెత్తను కౌన్సిల్ లారీ ఎత్తుకుపోతుంది. పెద్ద సామాన్లకు చాలా కౌన్సిళ్ళు ఏడాదిలో ఒకటి రెండు సార్లు ఇంటి ముందుకే వస్తాయి. మట్టి, రాళ్ళు, ఇటుకలు, కట్టుబడిలో మిగిలిన సామగ్రి మాత్రం మామూలుగా ఈ రెండిటిలోనూ తీసుకోరు. వాటిని ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు, అంటే జనం టిప్ అని పిలిచే చోటికి, సొంతంగా తోలుకుపోవాలి. కొత్త ఇంటికి పెరడు వేసుకునే మొదటి రెండు మూడేళ్ళలో ఈ పని ఎక్కువగా పడుతుంది.

ఆ రెండు మూడేళ్ళ కోసం ట్రైలర్ కొనాలా అన్నది అసలు ప్రశ్న. చాలా ఇళ్ళకు అద్దె ట్రైలరే నయం. హార్డ్‌వేర్ దుకాణాల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో గంటల లెక్కన, రోజు లెక్కన అద్దెకు ఇస్తారు. సొంత ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, వేరే నంబర్ ప్లేటు ఉంటుంది, టైర్ల ఖర్చు ఉంటుంది, అన్నిటికీ మించి దాన్ని పెట్టుకునే చోటు కావాలి. కొత్త లేఅవుట్లలో స్థలాలే చిన్నవి. పైగా చాలా ఎస్టేట్ల కొనుగోలు ఒప్పందాల్లో ట్రైలర్, కారవాన్ వీధిలోకి కనిపించేలా నిలపకూడదన్న షరతు రాసి ఉంటుంది. పక్కసందు ఎంత వెడల్పుందో, గేటులోంచి నాలుగడుగుల తొట్టి, దానికి అటూ ఇటూ ఉండే చక్రాలు, మడ్‌గార్డులు పడతాయో లేదో టేపు పెట్టి కొలిచాకే దుకాణానికి వెళ్ళాలి. ఏడాదికి నాలుగైదు సార్లకు మించి పని లేని ఇంట్లో సొంత ట్రైలర్ ఎక్కువ కాలం ఊరికే తుప్పు పడుతూ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కుని, ఎవరి పెరట్లో చోటుంటే వాళ్ళింట్లో పెట్టుకోవడం చక్కని పద్ధతి.

ట్రైలర్ కంటే ముందు కారును చూడాలి. ప్రతి కారుకూ తయారీదారు రెండు లాగుడు పరిమితులు చెబుతాడు: బ్రేకులు ఉన్న ట్రైలర్‌కు ఒకటి, బ్రేకులు లేనిదానికి ఒకటి. కారుతో వచ్చిన పుస్తకంలో ఇవి ఉంటాయి. వీటితో పాటు కప్లింగ్ కూర్చునే గుండు, అంటే టో బాల్ మీద పడదగిన బరువుకు మరో పరిమితి ఉంటుంది. కారు, అందులోని మనుషులు, వెనక ట్రైలర్ అన్నీ కలిపి దాటకూడని మొత్తం బరువు కూడా చాలా కార్లకు ఇస్తారు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో కొన్నిటికి బ్రేకులు లేని ట్రైలర్ పరిమితి 750 కిలోల కంటే బాగా తక్కువ. కొన్ని హైబ్రిడ్, విద్యుత్ కార్లకు అసలు లాగుడు అనుమతే లేదు. వాటికి సైకిల్ స్టాండు కోసం వెనక బిగించిన రాడ్డును చూసి, దానికే ట్రైలర్ తగిలించవచ్చని అనుకోకూడదు. ఆ గుండును మోసే టో బార్ మీద కూడా ఎంత బరువుకు తయారైందో చెప్పే రేకు ఉంటుంది. కారు, టో బార్, టో బాల్, ట్రైలర్ — ఈ నాలుగిటిలో ఏది తక్కువ చెబితే దానికే కట్టుబడాలి.

ఇక ట్రైలర్. ఆస్ట్రేలియా నిబంధనల ప్రకారం చక్రాల మీద పడే బరువు 750 కిలోలు దాటని ట్రైలర్‌కు సొంత బ్రేకులు అక్కర్లేదు. దాటితే బ్రేకులు ఉండి తీరాలి. అందుకే మార్కెట్లోని ఆరు బై నాలుగు ట్రైలర్లలో చాలా వాటి రేకు మీద 750 కిలోలనే రాసి ఉంటుంది. ఆ అంకె సరుకుది మాత్రమే అనుకుని చాలామంది పొరబడతారు. అందులో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. ఖాళీ ట్రైలర్ 200 నుంచి 250 కిలోలు తూగుతుంది. పైన జాలీ పంజరం, ముందు టూల్ బాక్సు, స్పేర్ టైరు బిగిస్తే ఇంకా పెరుగుతుంది. అవన్నీ పోను సరుకుకు మిగిలేది సుమారు 500 కిలోలే.

ఇప్పుడు తొట్టి కొలత చూద్దాం. ఆరు నాలుగులు ఇరవై నాలుగు చదరపు అడుగులు, అడుగు లోతు, అంటే ఒక ఘనమీటరులో దాదాపు మూడింట రెండు వంతులు. కాస్త చెమ్మగా ఉన్న మట్టి ఘనమీటరు టన్నున్నర దగ్గర ఉంటుంది. ఆ లెక్కన తొట్టిని అంచు దాకా మట్టితో నింపితే టన్ను బరువు. మోయగలిగినదానికి రెట్టింపు! ట్రైలర్ అప్పటికప్పుడు విరగదు, కారు కదలనని మొరాయించదు, అందువల్ల తప్పు జరిగినట్టు కూడా తెలియదు. టైరు పక్కలు ఉబ్బుతాయి, కమాను పట్టీలు తిన్నగా అణిగిపోతాయి, మొదటిసారి గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు వెనక నుంచి ఎవరో తోసినట్టు కారు ముందుకు దూకుతుంది. మట్టి వేసేటప్పుడు తొట్టి లోపలి పక్కన ఆరంగుళాల ఎత్తులో సుద్దతో గీత గీసుకుని, అక్కడికి రాగానే పార పక్కన పెట్టేయాలి.

మెల్‌బోర్న్ పడమటి వైపు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆ నేలంతా పూర్వం అగ్నిపర్వతాల లావా పరుచుకున్న మైదానం. పెరట్లో జానెడు తవ్వితే జిగట బంకమన్ను, దాని నడుమ నల్లటి బసాల్ట్ బండరాళ్ళు తగులుతాయి. తలకాయంత రాయి చూడటానికి చిన్నగానే ఉంటుంది, ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. తొట్టి అడుగున ఒక్క వరస పరిస్తే చాలు, ట్రైలర్‌కు చాలినంత బరువు వచ్చేసినట్టే. అదే ఇంట్లో కొత్త ఫ్రిజ్, టీవీ, సోఫాలతో వచ్చిన థర్మాకోల్ ఉంటుంది. రెండడుగుల ఎత్తు పంజరం బిగిస్తే తొట్టిలో రెండు ఘనమీటర్ల చోటు వస్తుంది. దాన్నిండా థర్మాకోల్ కుక్కినా 40 కిలోలు రావడం కష్టం. చెట్ల కొమ్మలు, ఎండు ఆకులు ఈ రెండిటికీ మధ్య రకం. వదులుగా వేసినవి పంజరం నిండితే మూడు వందల కిలోలకు అటూ ఇటూ ఉంటాయి, వానలో తడిసిన కోతగడ్డి అయితే చాలా ఎక్కువ. కాబట్టి పంజరం కొమ్మలకు, అట్టపెట్టెలకు, పాత ఫర్నిచర్‌కు పనికొచ్చే వస్తువు. మట్టి తోలే రోజున దాన్ని ఊడదీసి ఇంట్లో పెట్టాలి.

ఇంతకంటే పెద్ద ట్రైలర్ కొనడం చాలా ఇళ్ళకు అనవసరం. ఎనిమిది బై అయిదు ట్రైలర్‌కు కూడా బ్రేకులు లేకపోతే అదే 750 పరిమితి. దాని సొంత బరువు ఎక్కువ కాబట్టి మోయగలిగే సరుకు ఇంకా తగ్గిపోతుంది. చోటు ఎక్కువ కనిపించేసరికి ఇంకాస్త నింపాలన్న ఆశ మాత్రం పెరుగుతుంది. బండలు, మట్టి తరచూ తోలే పని ఉన్నవాళ్ళు బ్రేకులున్న ట్రైలరే కొనాలి.

కొత్తదానికి జింకు పూత, అంటే గాల్వనైజింగ్, చేసినది తీసుకుంటే ఎక్కువ కాలం మన్నుతుంది. మంచి ట్రైలర్లలో మొత్తం చట్రాన్ని వెల్డింగ్ అయ్యాక కరిగిన జింకులో ముంచి తీస్తారు. పెయింటు వేసినది చవక, కానీ రాయి దొర్లి గీత పడిన ప్రతిచోటా తుప్పు మొదలవుతుంది. పాతది కొనేటప్పుడు తొట్టి రేకు సొట్టల కంటే చట్రాన్ని చూడాలి. కప్లింగ్ బిగించిన ముందు కమ్మీ చట్రంతో కలిసే వెల్డింగ్ దగ్గర, కమాను పట్టీలు వేలాడే కొక్కేల దగ్గర పగుళ్ళు ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి. ఒక్కో చక్రాన్ని జాకీతో లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్ సంగతి తెలిసిపోతుంది. లొడలొడ ఆడినా, తిప్పినప్పుడు గరగరమన్నా మార్చాల్సిందే. టైరు పక్కన ఒక చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. ట్రైలర్ టైరు అరిగిపోవడం అరుదు, ఎండకు నిలబడి బీటలు వారి పాడవుతుంది. గాళ్ళు లోతుగా కనిపించినా పాత టైరును నమ్మకూడదు.

తగిలించే పనికి ఒక వరస ఉంది, ఆ వరస తప్పకపోతే మరిచిపోవడం ఉండదు. ముందు చిన్న జాకీ చక్రంతో కప్లింగ్‌ను ఎత్తి, కారును మెల్లగా వెనక్కి తెచ్చి, 50 మిల్లీమీటర్ల టో బాల్ సరిగ్గా దాని కిందికి వచ్చాక దించాలి. మీట పడిన చప్పుడు వినగానే అయిపోయిందనుకోకూడదు. జాకీ చక్రాన్ని మళ్ళీ కిందికి తిప్పితే కప్లింగ్‌తో పాటు కారు వెనక భాగం కూడా పైకి లేవాలి. లేస్తే గుండు లోపల గట్టిగా పట్టినట్టు. కప్లింగ్ ఒక్కటే లేచి వచ్చిందంటే గుండు మీద ఊరికే కూర్చుందన్నమాట. అలాగే బయలుదేరితే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఊడిపోతుంది. ఆ తరువాత సేఫ్టీ చైను. రెండు ఉంటే కప్లింగ్ కింద ఒకదాన్నొకటి దాటేలా వేయాలి. కప్లింగ్ ఊడినా ముందు కమ్మీ నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసులు పట్టుకుంటాయి. గొలుసును బిగించే షాకిల్ బరువు ముద్ర ఉన్నదే కావాలి, దుకాణంలో దొరికిన ఏదో బోల్టు పనికిరాదు. చివరగా కరెంటు ప్లగ్గు. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు మినుకుమన్నాయంటే, ఒక దీపం వెలిగితే ఇంకొకటి మసకబారిందంటే తొంభై పాళ్ళు ఎర్తు వైరు తుప్పు పట్టింది. బల్బులు మార్చే ముందు దాన్ని గీకి బిగించి చూడాలి. జాకీ చక్రాన్ని పైకి మడిచి బిగించాకే కారెక్కాలి.

సరుకు ఎక్కించేటప్పుడు బరువు ఎక్కడ కూర్చుంటుందన్నది ఎంత బరువన్నదానితో సమానం. బరువైనవి అడుగున, ఇరుసుకు సరిగ్గా పైన, కొద్దిగా ముందుకు ఉండాలి. ఆస్ట్రేలియాలో ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు టో బాల్ మీద పడేలా చూసుకోమంటారు. 700 కిలోల ట్రైలర్‌కు 70 కిలోలు. ఇది అనుభవజ్ఞులకే తెలిసే విద్య కాదు. కప్లింగ్ కింద ఒక కర్ర దిమ్మె, దాని కింద స్నానాల గదిలో బరువు చూసుకునే కాటా పెట్టి, ట్రైలర్ సమమట్టంగా ఉన్నప్పుడు చూస్తే అంకె వచ్చేస్తుంది. బరువు వెనక్కి పోతే ముందు భాగం తేలికై, వేగం పెరిగాక ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊగడం మొదలయ్యాక స్టీరింగ్ తిప్పి సర్దబోతే ఊపు ఇంకా పెరుగుతుంది, పెద్దదైతే కారును కూడా తిప్పేస్తుంది. ఆ సమయంలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని వేగం తగ్గనివ్వాలి. ఆ తరువాత సురక్షితమైన చోట ఆపి సరుకును ముందుకు సర్దుకోవాలి.

పైన వల గానీ టార్పాలిన్ గానీ కప్పకుండా రోడ్డెక్కకూడదు. థర్మాకోల్ ముక్క, ఖాళీ సంచి ఎగిరి వెనకవాడి అద్దం మీద పడటం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. వాహనంలోంచి చెత్త పడటం మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో జరిమానా పడే నేరం, వెనక వచ్చే ఎవరైనా నంబరు రాసుకుని పర్యావరణ సంస్థకు తెలపవచ్చు. వల తేలికపాటి చెత్తను ఆపుతుందే గానీ ఫ్రిజ్‌ను ఆపలేదు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపు వంటి వాటిని రాచెట్ బెల్టులతో తొట్టి పక్క కొక్కేలకు విడిగా కట్టాలి. బయలుదేరిన పది నిమిషాలకు ఒకసారి ఆపి బెల్టులు చూసుకోవాలి, కుదుపులకు సరుకు సర్దుకుని అవి వదులవుతాయి.

బ్రేకులు లేని ట్రైలర్‌ను ఆపాల్సింది కారు బ్రేకులే. వేగం 80 నుంచి 100కు పెరిగితే ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. చెత్త బండితో ఫ్రీవే మీద తొందరపడే పనేమీ ఉండదు, కుడి పక్క లేనులు మిగతావాళ్ళకు వదిలేయాలి. మలుపుల్లో ట్రైలర్ చక్రాలు కారు చక్రాల కంటే లోపలి నుంచి వెళతాయి కాబట్టి కాస్త వెడల్పుగా తిరగాలి, లేదంటే పేవ్‌మెంటు అంచు ఎక్కేస్తాయి. తొట్టిలో మనిషి కూర్చోకూడదు, ఎంత దగ్గర దూరమైనా సరే. విక్టోరియాలో ఎర్ర పి పలక దశలో ఉన్న కొత్త డ్రైవర్లు కొన్ని మినహాయింపులు తప్ప ట్రైలర్ లాగకూడదు. ఇంట్లో కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లల్ని ఈ పనికి పంపే ముందు ఇది గుర్తుండాలి.

రివర్సు దగ్గర అందరికీ చెమటలు పడతాయి. పొట్టి ట్రైలర్ పొడుగుదాని కంటే త్వరగా మడత పడుతుంది. కుదురైన పద్ధతి ఒకటుంది: స్టీరింగ్‌ను అడుగు భాగంలో పట్టుకోవాలి. ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటు కదపాలి. కొంచెం కొంచెంగా, నడక కంటే నెమ్మదిగా. మడత పడుతోందనిపిస్తే అక్కడే ఆపి ముందుకు లాగి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆదివారం పొద్దున ఖాళీ కార్ పార్కులో ఖాళీ ట్రైలర్‌తో గంటసేపు నేర్చుకుంటే టిప్‌లో వెనక బారులు తీరిన కార్ల ముందు ఇబ్బంది పడక్కర్లేదు.

టిప్‌లో రేటు కొన్నిచోట్ల కాటా మీద, కొన్నిచోట్ల ట్రైలర్ ఎంత నిండిందో చూసి కడతారు. కాటా ఉన్నచోట లోపలికి వెళ్ళేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు రెండుసార్లు తూస్తారు. పూడ్చిపెట్టే ప్రతి టన్నుకూ రాష్ట్రం ఒక సుంకం వసూలు చేస్తుంది. మెల్‌బోర్న్ నగర ప్రాంతంలో 2021 జూలైలో అది టన్నుకు 65.90 డాలర్ల నుంచి 105.90కి పెరిగింది, తరువాత ఇంకా పెరిగింది. ఆ భారమంతా చివరికి గేటు దగ్గర కట్టే రుసుములోనే కలుస్తుంది. పూడ్చే చెత్తను తగ్గించడమే ఆ సుంకం ఉద్దేశం, అందులో న్యాయం ఉంది. విడదీసి తెచ్చినవాడికి లాభం కూడా ఉంది. ఇనుము, అట్టలు, పాత టీవీ, కంప్యూటర్లు చాలా టిప్‌లలో ఉచితంగా తీసుకుంటారు. కొమ్మలకు, ఆకులకు తక్కువ రేటు. అన్నీ కలగలిపి తెస్తే మొత్తానికీ మామూలు చెత్త రేటే పడుతుంది. పరుపులకు, టైర్లకు ఒక్కోదానికి ఇంత అని వేరే కడతారు. కాబట్టి ఇంటి దగ్గరే దేనికది మూట కట్టి, టిప్‌లో ముందుగా దించాల్సినవి తలుపు పక్కన ఉండేలా ఎక్కించాలి. బరువు ముందుండాలన్న నియమానికి ఇది అడ్డు రాకూడదు.

కొన్ని వస్తువులు ఈ తొట్టిలో మామూలు చెత్తతో కలిసి ఎక్కనే కూడదు. విక్టోరియాలో 2019 జూలై 1 నుంచి కరెంటుతో, బ్యాటరీతో నడిచే ఏ వస్తువునూ పూడ్చిపెట్టే చెత్తలో వేయకూడదు. లిథియం బ్యాటరీ నలిగితే నిప్పంటుకుంటుంది, గ్యాస్ సిలిండర్ పేలుతుంది. వాటిని విడిగా పట్టుకెళ్ళి సిబ్బంది చేతికే ఇవ్వాలి. మిగిలిన గోడ రంగుల డబ్బాలకు 2016 నుంచి పెయింట్‌బ్యాక్ పథకం కింద ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. అన్నిటికంటే ప్రమాదం ఆస్బెస్టాస్. ఆస్ట్రేలియా దాన్ని 2003 డిసెంబర్ 31 నుంచి పూర్తిగా నిషేధించింది, కానీ 1990కి ముందు కట్టిన ఇళ్ళలో కంచెలు, స్నానాల గది గోడలు, పెరటి షెడ్లు ఆ రేకులతోనే ఉండవచ్చు. పాత ఇల్లు కొని బాగు చేయించుకునేవాళ్ళు అనుమానం ఉన్న రేకును పగలగొట్టి ట్రైలర్‌లో వేయకూడదు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు దశాబ్దాల తరువాత బయటపడుతుంది. లైసెన్సు ఉన్నవాళ్ళను పిలిపించాలి. తీసుకునే చోట్లు కూడా వేరే ఉంటాయి.

టిప్‌లో చెప్పులతో దిగకూడదు, మూసిన బూట్లు, మందపాటి గ్లౌజులు కావాలి. పిల్లలు కారులోనే ఉండాలి. నేల మీద మేకులు, గాజు పెంకులు మామూలే. ఇంటికొచ్చాక కారు టైర్లూ ట్రైలర్ టైర్లూ ఒకసారి చూసుకోవాలి. తొట్టిని ఊడ్చి, నీళ్ళు కొట్టి, ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపితే వాన నీరు వెనక తలుపులోంచి జారిపోతుంది, మూలల్లో తుప్పు పట్టదు. కప్లింగ్‌కు తాళం వేయాలి, ఖాళీ ట్రైలర్‌ను దొంగ తన కారుకు తగిలించుకుపోవడం నిమిషం పని. నెలల తరబడి కదలకుండా ఉన్నా బేరింగుల్లో గ్రీజు పాడవుతుంది, అందుచేత ఏడాదికి ఒకసారి వాటిని విప్పి, కడిగి, కొత్త గ్రీజు దట్టించాలి. ఆస్ట్రేలియా ట్రైలర్ల హబ్బుల్లో ఎక్కువగా వాడేవి రెండు రకాల బేరింగులు, హోల్డెన్ రకం, ఫోర్డ్ రకం. తన ట్రైలర్‌ది ఏదో తెలుసుకుని ఒక సెట్టు కొని టూల్ బాక్సులో పెట్టుకుంటే, దారిలో చక్రం బిగుసుకున్నా అక్కడే మార్చుకుని కదలవచ్చు.